తుడవొద్దు

గోపన్‌పల్లిలో మా గది కిటికీ వెనక
రోజూ సాయంత్రం నాలుగున్నరకి సైరన్ మోగుతుంది.
నిమిషం తర్వాత బండ పేలుతుంది.
రెండొందల యాభై కోట్ల ఏళ్లు కదలకుండా కూర్చున్నది
కంకరై టిప్పరెక్కి వెళ్లిపోతుంది.
అప్పుడు నా సుద్దముక్క అర అంగుళం జారుతుంది.
"నీ ప్లస్‌కి మళ్లీ తోక మొలిచింది" అంటుంది జకియా
కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే.

పదకొండు వారాలు రాశాను ఆ బోర్డు మీద.
కృష్ణబిలం కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది,
అది అందరూ ఒప్పుకున్నదే.
సగం వయసు దాటాక గీత వంగాలి,
గుట్ట ఎక్కినవాడు దిగినట్టు.
మింగినవన్నీ ఒక్కొక్కటే ఒప్పజెప్పడం మొదలుపెట్టాలి.
నా గీత వంగదు.
కోకాపేట టవర్లకి మల్లే
పైకి, ఇంకా పైకి.

మూలన ఎర్ర సుద్దతో రాసిపెట్టాను: తుడవొద్దు.
చుట్టూ గడి కూడా గీశాను.

సోమవారం పొద్దున వచ్చేసరికి బోర్డు కడిగేసి ఉంది.
ఇంకా తడి ఆరలేదు.
గడిలో భద్రంగా
'తుడవొద్దు' ఒక్కటే మిగిలింది.

గుమ్మంలో బాలమణి, చేతిలో బకెట్.
"దాన్ని తుడవొద్దని రాసిన్రు గద మేడం,
దాన్ని ఇడిసిపెట్టి మిగిలిందంత శుభ్రం జేసిన."

కోపం రావాలి. వచ్చింది కూడా.
కానీ కళ్లు బకెట్లోకి పోయాయి.
విరిగిన పాలలాంటి నీళ్లు.
ఏదీ పోదని ఒట్టేసి చెప్తుంది మా శాస్త్రం.
ప్రతి గుర్తూ, ప్రతి ఘాతమూ అందులోనే ఉన్నాయి,
ప్రతి సుద్దరేణువు వచ్చిన దారీ తెలిస్తే
వెనక్కి నడిపించుకోవచ్చు,
సూత్రప్రాయంగా.
ఆ ఒక్క మాట మీద జీతం తీసుకుంటున్నదాన్ని,
దాన్నింత దగ్గర్నుంచి ఎప్పుడూ చూళ్లేదు.

"గా గుండ్రంగ గీసింది బాయా మేడం?"
అలాంటిదే, అన్నాను.
"నీళ్లున్నయా?"
ఎండిపోతోంది. చాలా మెల్లగా.
ఒకటి పక్కన అరవై ఏడు సున్నాలు పెడితే, అన్నేళ్లకి.

సున్నాలని ఆమె పట్టించుకోలేదు.
"మా చేవెళ్ల దిక్కు ఒక ఏడు బాయి ఎండింది.
అడుగున అన్ని బయటవడ్డయి.
మా అత్త బిందె. మేకపిల్ల బొక్కలు. ఒక గొలుసు.
గా గొలుసు తీసిందని ముప్పై ఏండ్లు ఒకామెను దొంగన్నరు.
గొలుసు బాయిలనే ఉండె.
ఆమెనే లేకుండె."

ఇక్కడ ఎండేది నీళ్లు కాదు బాలమణీ,
బావే ఎండిపోతుంది.
గట్టు, లోతు, చీకటి, అన్నీ.
చివరికి బిందె కనబడ్డానికి అడుగంటూ ఉండదు.

బకెట్ కింద పెట్టింది.
కాసేపు చూసింది, నన్ను కాదు, తడి బోర్డుని.
"మరి గొలుసు ఏడికి పోతది?"

మూడేళ్లలో, రెండు సదస్సుల్లో,
ఒక సమీక్షకుడి ఏడు పేజీల ఉత్తరంలో
ఇంత పొట్టిగా ఎవరూ అడగలేదు.
జవాబు లేదన్నాను.
ఆమె తలూపింది, కుళాయి రాలేదని చెప్తే ఊపినట్టు.

పోతూ పోతూ అంది:
"గీ జాగల మాత్రం పోలే మేడం. నాలుగుసార్లు రుద్దిన.
గట్టిగ ఒత్తి రాసినట్టున్నరు."

ట్యూబ్‌లైట్ కింద తల వంచి చూశాను.
నల్లదనంలో పాత మచ్చలా ఒక మైనస్.
నమ్మకం లేనిచోట కదా
సుద్ద విరిగేదాకా దిద్దుకుంటాం.

బకెట్ నీళ్లు వెనక బండ మీద కుమ్మరించింది.
మధ్యాహ్నానికి అక్కడ తెల్లటి చార,
ఎవరూ చదవలేనిది.

నేను మళ్లీ మొదలుపెట్టాను, ఆ మైనస్ ముందు నుంచి.
కొత్త రాశి ఒకటి కావాల్సి వచ్చింది.
గ్రీకు అక్షరాలన్నీ అయిపోయాయి,
'గ' అని రాశాను.
"ఇదేంటి?" అంది జకియా.
గొలుసు, అన్నాను.
ఇంకేదో అడగబోయింది,
సైరన్ మోగింది.
ఇద్దరం నోరు మూసుకుని నిమిషం లెక్కపెట్టాం.

గ-కి తోక మొలిచింది.